లివర్ ముక్కలో హెపటైటిస్ సి వైరస్ ఎలా చూడాలి? బరంపురం, రాయగడ, జయపురం వైపు ల్యాబ్ వాళ్ళ కోసం

ఒడిశాలోని బరంపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లల దగ్గర్నుంచి జయపురం, గుణుపురం, రాయగడ ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్ళ దాకా అందరూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు, "అన్నా, లివర్ బయాప్సీ ముక్కలో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) చూడాలి, మా దగ్గర ట్రూనాట్ ఉంది, అందులో వేసెయ్యొచ్చా" అని. వేసెయ్యకూడదు. హెచ్‌సీవీకి వాడే ట్రూనాట్ చిప్ అయినా జీన్‌ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జ్ అయినా (రెండూ చిన్న ఆటోమేటిక్ టెస్ట్ మిషన్లలో పెట్టేవి) రక్తం కోసం తయారుచేసినవి, ముక్క రుబ్బి అందులో పోస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. మరి ఏం చెయ్యాలో మొదట్నుంచి రాస్తాను, ఇంకెవరైనా అడిగితే ఇదే పంపండి.

అసలు ముక్క అవసరమా?

పేషెంటుకి హెపటైటిస్ సి ఉందా లేదా తేల్చడానికే అయితే లివర్ పొడవక్కర్లేదు. రక్తంలో యాంటీ హెచ్‌సీవీ (వైరస్ మీద శరీరం తయారుచేసే యాంటీబాడీ), అది పాజిటివ్ వస్తే రక్తంలోనే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ, అంతే. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద టెస్టులూ మందులూ ఉచితం, లివర్ ఎంత గట్టిపడిందో చూడ్డానికి కూడా ఇప్పుడు ఫైబ్రోస్కాన్ (పొడవకుండా పైనుంచే కొలిచే మిషన్), ఏప్రి, ఫిబ్-4 (రక్తం టెస్టుల అంకెలతో వేసే లెక్కలు) లాంటివి ఉన్నాయి. కాబట్టి పల్లెనుంచి వచ్చిన మనిషికి "సి ఉందేమో చూద్దాం" అని బయాప్సీ రాస్తే డాక్టర్ గారిని మర్యాదగా ఒకసారి అడగండి, తప్పులేదు. ముక్కలో వెతకాల్సింది ఎప్పుడంటే, ట్రాన్స్‌ప్లాంట్ చేసిన లివర్‌లో మళ్ళీ వచ్చిందా అని, రక్తంలో దొరకట్లేదు గానీ ఎంజైములు తగ్గట్లేదు అన్నప్పుడు, లివర్ గడ్డ (ట్యూమర్) తీసిన కేసుల్లో, రీసెర్చ్‌లో. రీసెర్చ్ అయితే పాత బ్లాకులైనా సరే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో పెట్టుకునే మొదలెట్టండి.

థియరీ రెండు ముక్కల్లో చెప్తాను, ఇది తర్వాత పనికొస్తుంది. హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ వైరస్, పొడవు సుమారు 9,600 అక్షరాలు, ప్లస్ స్ట్రాండ్. లివర్ కణంలో పెరిగేటప్పుడు మైనస్ స్ట్రాండ్ (ప్లస్‌కి జతపడే ఎదురు పోగు) తయారుచేసుకుంటుంది. తనంతట డీఎన్‌ఏగా ఎప్పుడూ మారదు, చివర పాలీ ఏ తోక (మన జీన్ల ఆర్‌ఎన్‌ఏకి ఉండే వరస ఏ అక్షరాలు) ఉండదు. మనం చేసేదల్లా ముక్కలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని ల్యాబ్‌లో డీఎన్‌ఏ నకలుగా (సీడీఎన్‌ఏ) రాసి, ఆ నకలుని పీసీఆర్ మిషన్లో సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేసి పట్టుకోవడం.

కావాల్సినవి

ఆర్‌ఎన్‌ఏ లేటర్ (ఆర్‌ఎన్‌ఏ విరగకుండా కాపాడే ద్రవం) పోసిన 2 మి.లీ. ట్యూబులు, ట్రైజాల్ (కణాలు కరిగించి ఆర్‌ఎన్‌ఏ విడదీసే, ఫినాల్ గ్వానిడిన్ ఉన్న ద్రవం) లేదా కాలమ్ కిట్, ముక్క నలపడానికి చిన్న ప్లాస్టిక్ రోకళ్ళు (పెసిల్స్) లేదా బీడ్ మిషన్, 4 డిగ్రీలకి చల్లబడే సెంట్రిఫ్యూజ్, ఫిల్టర్ టిప్స్, ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏని కొరికే ఎంజైమ్) లేని నీళ్ళు, డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏని కొరికే ఎంజైమ్), రియల్ టైమ్ పీసీఆర్ మిషన్, హెచ్‌సీవీ ఫైవ్ ప్రైమ్ యూటీఆర్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏ మొదటి కొస) ప్రైమర్లు ప్రోబ్ (ఆ చోటుకే అంటుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), శాంపిల్ బాగుందో చూడ్డానికి జీఏపీడీహెచ్ లాంటి మనిషి జీన్‌కి ఇంకో సెట్, పాజిటివ్ కంట్రోల్ (వైరస్ ఉందని ముందే తెలిసినది). వీటితోపాటు వేరువేరు మూడు చోట్లు: మిక్స్ కలిపే చోటు, శాంపిల్ తెరిచే చోటు, మిషన్ ఉన్న చోటు. మూడు గదులు లేకపోతే కనీసం మూడు బల్లలు, మూడు సెట్ల పిపెట్లు. బయోసేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి. హెపటైటిస్ బి టీకా వేయించుకోని వాళ్ళని ఈ పనికి కూర్చోపెట్టకండి, సి కి టీకా లేదు కాబట్టి సూదులతో బ్లేడ్లతో డబుల్ జాగ్రత్త.

1. ముక్క తియ్యకముందే మాట్లాడండి

సగం కేసులు ఇక్కడే పోతాయి. థియేటర్‌లో సిస్టర్ గారు అలవాటుకొద్దీ ముక్కని సెలైన్‌లో వేసేస్తారు, లేదంటే మొత్తం ఫార్మలిన్‌లో పడేస్తారు. సెలైన్‌లో ఆర్‌ఎన్‌ఏ నిమిషం నిమిషానికీ విరిగిపోతుంటుంది, ఎండాకాలం బయట పెట్టిన పాల లాంటిది. అందుకని ముందురోజే ట్యూబు మీరే ఇచ్చి రండి, మీద పెద్దక్షరాల్లో "సెలైన్ వద్దు" అని ఒడియాలో ఇంగ్లీషులో రాసి అంటించండి.

పెథాలజీకి కనీసం 1.5 నుంచి 2 సెం.మీ. ముక్క ఉండాలి, అది వాళ్ళ హక్కు. అది పోగా మిగిలిన ముక్క, లేదా సూది రెండోసారి వేసినప్పుడు వచ్చినది మనకి. వాళ్ళది కత్తిరించి మనం తీసుకుంటే రేపు ఫైబ్రోసిస్ స్టేజ్ (లివర్ ఎంత గట్టిపడిందన్నది) తప్పు వస్తుంది, ఆ పాపం మనకెందుకు.

2. ఆర్‌ఎన్‌ఏ లేటర్‌లో వెయ్యడం

ముక్క కనీసం ఒక వైపు 5 మి.మీ. కంటే మందం ఉండకూడదు (సూది బయాప్సీ అయితే ఈ బాధే లేదు, ఆపరేషన్‌లో తీసిన ముక్కకే ఇది). ద్రవం ముక్కకి 5 నుంచి 10 రెట్లు. మొదటి రాత్రి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి, ద్రవం లోపలికి ఇంకాలి, వెంటనే గడ్డకట్టించకండి. తర్వాత మైనస్ 20 అయినా చాలు, మైనస్ 80 ఉంటే ఇంకా మంచిది.

కంపెనీ వాళ్ళు చెప్పే లెక్క ప్రకారం 37 డిగ్రీల్లో ఒక రోజు, 25 డిగ్రీల్లో ఒక వారం, 4 డిగ్రీల్లో ఒక నెల ఆగుతుంది. మే నెలలో రాయగడ ఎండకి ఒక రోజు అన్నదే లెక్కలోకి తీసుకోండి. ఫ్రిజ్‌లో ట్యూబు అడుగున తెల్లగా ఉప్పులా కనపడితే భయపడక్కర్లేదు, కాస్త వేడిచేస్తే కరుగుతుంది.

ఫార్మలిన్‌లో వేసేసిన ముక్కని తీసి ఇందులో వేస్తే లాభం లేదు, దానికి కింద రాసిన పారాఫిన్ దారే.

3. పంపడం

డ్రై ఐస్ మన వైపు చేతికందేది కాదు, ఆర్‌ఎన్‌ఏ లేటర్ వాడమనేది అందుకే, ఐస్ ప్యాకులు చాలు. ట్యూబు, దాని బయట లీక్ కాని డబ్బా, మధ్యలో పీల్చుకునే దూది, ఆ బయట గట్టి పెట్టె, పైన యూఎన్ 3373 గుర్తు (లోపల రోగి శాంపిల్ ఉందని చెప్పేది). సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి విశాఖ వెళ్ళే బండిలో పెట్టినా, బరంపురం వైపు పంపినా, వానాకాలంలో కొండచరియ పడితే ఒక పూట పోతుంది, కాబట్టి ఐస్ ప్యాకులు లెక్కకంటే ఎక్కువే పెట్టండి. శనివారం పంపకండి, ఆదివారం పార్సిల్ తీసుకునే నాథుడు ఉండడు.

ఇంకోటి, ఇది మన సరిహద్దు ఊళ్ళకే ప్రత్యేకం. పేషెంటు ఇంటిపేరు తెలుగు, స్లిప్ రాసింది ఒడియా గుమస్తా, ఫారం ఇంగ్లీషు. అప్పలనాయుడు ఒక చోట అపల నాయుడు, ఇంకో చోట ఏ నాయక్ అయిపోతాడు, అవతల ల్యాబ్ వాళ్ళు పేరు కలవలేదని తిప్పి పంపేస్తారు. పేరు మీద ఆధారపడకండి, ట్యూబు మీదా ఫారం మీదా ఆస్పత్రి నంబరు, వయసు, తీసిన తేదీ, తీసిన టైము రాయండి, అదీ ఆల్కహాల్‌కి చెరగని పెన్నుతో.

4. ఆర్‌ఎన్‌ఏ తియ్యడం

ముక్కని ఆర్‌ఎన్‌ఏ లేటర్ నుంచి తీసి టిష్యూ పేపర్‌కి అద్ది, 10 నుంచి 20 మి.గ్రా. తూకం వేసి 1 మి.లీ. ట్రైజాల్‌లో వేసి ముద్ద లేకుండా నలపండి. మిగతాది దాచండి, రిపీట్‌కి కావాలి. ఇక్కడ్నుంచి అందరికీ తెలిసిందే, అయినా రాస్తాను:

- గది వేడిలో 5 నిమిషాలు.
- క్లోరోఫామ్ 200 మైక్రోలీటర్లు, 15 సెకన్లు గట్టిగా ఊపి 2, 3 నిమిషాలు ఆగి, 12,000 జీ, 15 నిమిషాలు, 4 డిగ్రీలు.
- పైన తేటగా ఉన్న పొర మాత్రమే తియ్యండి, ఆశపడి చివరి చుక్కదాకా పోవద్దు, మధ్య తెల్లపొర తగిలితే డీఎన్‌ఏ వచ్చేస్తుంది.
- ఐసోప్రొపనాల్ 500 మైక్రోలీటర్లు, 10 నిమిషాలు, మళ్ళీ 12,000 జీ, 10 నిమిషాలు. ముక్క చిన్నదైతే కాస్త గ్లైకోజెన్ కలపండి, అడుగున కనపడుతుంది.
- 75 శాతం ఇథనాల్ 1 మి.లీ.తో కడిగి 7,500 జీ, 5 నిమిషాలు.
- 5 నుంచి 10 నిమిషాలు ఆరనిచ్చి, 30 మైక్రోలీటర్ల నీళ్ళలో 55 డిగ్రీల దగ్గర కరిగించండి. పూర్తిగా ఎండగొడితే కరగదు.

జీ (తిప్పే బలం) వేరు, ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వేరు అని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మళ్ళీ 12,000 ఆర్‌పీఎం పెట్టేసే వాళ్ళున్నారు, మీ రోటర్ కొలత చూసి లెక్కవేసుకోండి.

కాలమ్ కిట్ అయితే 30 మి.గ్రా. దాటకండి, లివర్‌లో ఆర్‌ఎన్‌ఏ చాలా ఎక్కువ, కాలమ్ జిగురుకట్టి మూసుకుపోతుంది. ఏ పద్ధతైనా చివర్లో డీఎన్‌ఏస్ వెయ్యండి. ప్రతి బ్యాచ్‌లో ఒక ఖాళీ ట్యూబు కూడా, అంటే ముక్క లేకుండా ట్రైజాల్ మాత్రమే, మొదట్నుంచి చివరిదాకా నడపండి.

ప్రమాదం: ట్రైజాల్ మీద గానీ కిట్ లైసిస్ బఫర్ మీద గానీ బ్లీచ్ పొయ్యకండి. కోవిడ్ రోజుల్లో అన్నిటిమీదా హైపోక్లోరైట్ కొట్టడం మనకి అలవాటైపోయింది, కానీ గ్వానిడిన్ ఉన్నదాంతో కలిస్తే విషవాయువు వస్తుంది. ఆ వ్యర్థం విడిగా సీసాలో పట్టి కెమికల్ వేస్టుగా ఇవ్వండి. ఫినాల్ చర్మం మీద పడితే కాలుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. మిగిలిన టిష్యూ పసుపు బ్యాగులోకి, సూదులు బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి.

5. ఆర్‌ఎన్‌ఏ బతికుందా?

నానోడ్రాప్‌లో (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో, ఎంత శుభ్రమో కాంతితో కొలిచే మిషన్) 260/280 సుమారు 2.0 రావాలి, 10 మి.గ్రా. లివర్ నుంచి పదుల మైక్రోగ్రాములు రావాలి. 260/230 బాగా తక్కువుంటే ఫినాల్ గానీ ఉప్పు గానీ మిగిలింది, ఇంకోసారి ఇథనాల్ వాష్ ఇవ్వండి. కానీ నానోడ్రాప్ అంకె చూసి మురిసిపోకండి, ముక్కలైపోయిన ఆర్‌ఎన్‌ఏకి కూడా అది 2.0 చూపిస్తుంది. జెల్ మీద 28ఎస్, 18ఎస్ (కణంలోని రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలు) రెండు పట్టీలు కనపడాలి, కిందికి పొగలా జారిపోయి ఉంటే విరిగిపోయినట్టు.

6. సీడీఎన్‌ఏ చెయ్యడం

ఇక్కడ పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, ఫ్రిజ్‌లో ఉంది కదా అని ఓలిగో డీటీ (పాలీ ఏ తోకకి అంటుకునే ప్రైమర్) వాడటం. పాలీ ఏ తోక లేని వైరస్‌ని ఓలిగో డీటీ పట్టుకోలేదు, కానీ జీఏపీడీహెచ్‌ని మాత్రం బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, అందుకని కంట్రోల్ చక్కగా వచ్చి హెచ్‌సీవీ నెగటివ్ అని రిపోర్ట్ వెళ్ళిపోతుంది. రాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అంటుకునే ఆరక్షరాల ప్రైమర్లు) గానీ హెచ్‌సీవీకి రాసిన ప్రైమర్ గానీ వాడండి. ఆర్‌ఎన్‌ఏ 100 నుంచి 500 నానోగ్రాములు చాలు, ఎక్కువ వేస్తే ఎక్కువ దొరుకుతుందనుకోవద్దు, అడ్డుపడే పదార్థాలు కూడా దాంతోపాటే వస్తాయి.

ఫైవ్ ప్రైమ్ యూటీఆరే ఎందుకంటే అది జెనోటైపులన్నిట్లో (వైరస్ రకాలన్నిట్లో) పెద్దగా మారదు. మన దేశంలో ఎక్కువ కనపడేది జెనోటైప్ 3, తర్వాత 1, విదేశీ పాత పేపర్లలోంచి వేరే చోటి ప్రైమర్లు తీసుకుంటే 3 ని వదిలేసే ప్రమాదం ఉంది.

7. పీసీఆర్ ప్లేట్

కిట్ ఏం చెప్తే అది, మామూలుగా 95 డిగ్రీల్లో ఎంజైమ్ లేపి, తర్వాత 95 లో 15 సెకన్లు, 60 లో 1 నిమిషం, 40 నుంచి 45 సైకిల్స్. ప్రతి శాంపిల్ ప్లేట్‌లో రెండేసి గుంతల్లో (వెల్స్) వెయ్యండి. ప్లేట్‌లో ఇవి లేకపోతే రన్ మొదలుపెట్టకండి: పాజిటివ్ కంట్రోల్ (అదీ పల్చగా, లిమిట్‌కి దగ్గర్లో, సీటీ, అంటే గీత లేచే సైకిల్ నంబరు, 20 వచ్చే చిక్కటిది పెడితే ఏం తెలియదు, పైగా అదే పక్క గుంతల్లోకి పాకుతుంది), నీళ్ళ కంట్రోల్, 4వ స్టెప్‌లో నడిపిన ఖాళీ ట్యూబు, ప్రతి శాంపిల్‌కీ ఆర్‌టీ ఎంజైమ్ (ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏగా రాసేది) లేని ఒక గుంత.

ఆ చివరిది ఎందుకని అడుగుతారు. హెచ్‌సీవీకి డీఎన్‌ఏ రూపం లేదు కాబట్టి డీఎన్‌ఏ మిగిలిపోయినా వైరస్ తప్పుడు పాజిటివ్ రాదు, నిజమే. కానీ జీఏపీడీహెచ్‌కి మన క్రోమోజోముల్లో నకలు జీన్లు బోలెడు ఉన్నాయి, ఇంట్రాన్లు కూడా లేనివి, ఆర్‌ఎన్‌ఏ పూర్తిగా చచ్చిపోయినా డీఎన్‌ఏ నుంచే జీఏపీడీహెచ్ గీత లేస్తుంది, మీరేమో శాంపిల్ బాగుందనుకుంటారు. ఆర్‌టీ లేని గుంతలో జీఏపీడీహెచ్ రాకూడదు, లేదా 7, 8 సైకిల్స్ వెనక రావాలి. వన్ స్టెప్ కిట్ (ఆర్‌టీ, పీసీఆర్ ఒకే ట్యూబులో అయ్యేది) కొనేటప్పుడు ఆర్‌టీ ఎంజైమ్ విడి ట్యూబులో ఇస్తారా అని అడిగే కొనండి.

8. రిజల్ట్ చదవడం

ముందు హెచ్‌సీవీ గీత చూడకండి, అందరూ అదే చూస్తారు. ఈ వరసలో చూడండి.

నీళ్ళు, ఖాళీ ట్యూబు శుభ్రంగా ఉన్నాయా? ఏ ఒక్కటి లేచినా ఆ రన్‌లో పాజిటివ్‌లన్నీ పక్కన పెట్టాల్సిందే, "సీటీ 38 కదా పర్లేదు" అనే బేరం లేదు.

జీఏపీడీహెచ్ ఎక్కడ వచ్చింది? మీ మిషన్లో మంచి లివర్‌కి ఎంత వస్తుందో ముందే కొన్ని నడిపి రాసిపెట్టుకోండి. దానికంటే 3.3 సైకిల్స్ వెనక్కి వచ్చిందంటే పది రెట్లు తక్కువ. అలా వచ్చి హెచ్‌సీవీ లేకపోతే అది నెగటివ్ కాదు, శాంపిల్ పనికిరాలేదు అంతే.

అడ్డుపడుతున్నదేమైనా ఉందా? లివర్ ముక్కలో రక్తం, పైత్యరసం రెండూ ఉంటాయి, రెండూ పీసీఆర్‌ని ఆపుతాయి. ఆర్‌ఎన్‌ఏని 10 రెట్లు పల్చన చేసి నడపండి, జీఏపీడీహెచ్ 3.3 సైకిల్స్ వెనక్కి పోవాలి. వెనక్కి పోకుండా అక్కడే ఉన్నా, ముందుకొచ్చినా ఇన్హిబిషన్ ఉన్నట్టే, పల్చన చేసిందే వాడండి లేదా కాలమ్ మీద మళ్ళీ శుభ్రం చెయ్యండి.

ఇవన్నీ దాటాకే హెచ్‌సీవీ. రెండు గుంతల్లోనూ మంచి వంపుతో లేస్తే పాజిటివ్. ఒక గుంతలో 38, ఇంకోదాంట్లో ఏమీ లేకపోతే దాచిన ముక్కనుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీసి మళ్ళీ చెయ్యండి, అదే ఆర్‌ఎన్‌ఏని మళ్ళీ మళ్ళీ నడిపితే కంటామినేషన్ అయినా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎంతుందో అంకె కావాలంటే పది రెట్ల డైల్యూషన్లతో స్టాండర్డ్ కర్వ్ పెట్టండి, వాలు మైనస్ 3.1 నుంచి మైనస్ 3.6 మధ్య ఉండాలి, రిజల్ట్ మైక్రోగ్రాము టోటల్ ఆర్‌ఎన్‌ఏకి ఇన్ని కాపీలు అని రాయండి. రక్తంలో లాగా మిల్లీలీటర్‌కి ఇన్ని ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అని రాసేస్తున్నారు కొందరు, ముక్కకి మిల్లీలీటరేమిటండీ.

9. లివర్లోదా, రక్తంలోదా?

బయాప్సీ ముక్కలో రక్తం ఉంటుంది, రక్తంలో వైరస్ ఎక్కువున్న మనిషైతే ముక్క పాజిటివ్ రావడం వింతేమీ కాదు. వైరస్ లివర్‌లోనే పెరుగుతోందని చెప్పాలంటే మైనస్ స్ట్రాండ్ చూపించాలి. దీనికి తోక తగిలించిన ప్రైమర్‌తో ఆర్‌టీ చేసి, పీసీఆర్‌లో ఆ తోకకి అంటుకునే ప్రైమర్ వాడతారు, లేదా 70 డిగ్రీల దగ్గర పనిచేసే టీటీహెచ్ ఎంజైమ్ వాడతారు, వేడి ఎక్కువుంటే ప్రైమర్ తప్పుచోట కూర్చోదు. ల్యాబ్‌లో తయారుచేసిన ప్లస్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ మాత్రమే ఎక్కువ మోతాదులో వేసి చూడండి, అప్పుడు కూడా గీత లేచిందంటే మీ టెస్ట్ ప్లస్ స్ట్రాండ్‌నే మైనస్ అని చెప్తోంది. మైనస్ స్ట్రాండ్ ప్లస్ కంటే బాగా తక్కువ ఉంటుంది కాబట్టి అది దొరకలేదంటే పెరగట్లేదని తీర్పు చెప్పకండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఇది పెట్టుకోకండి, ఏడాది దీనికే పోతుంది.

పారాఫిన్ బ్లాక్ మాత్రమే ఉంటే

మన వైపు చాలా కేసులు ఇవే. ముందు ఏ ఫార్మలిన్ అని అడగండి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్‌లో 6 నుంచి 24 గంటలుంటే ఆశ ఉంది. నీళ్ళలో కలిపేసిన బఫర్ లేని ఫార్మలిన్, దాంట్లో వారం రోజులు అలమరలో కూర్చున్న సీసా అంటే ముందే పార్టీకి చెప్పెయ్యండి కష్టమని.

మైక్రోటోమ్‌ని జైలీన్‌తో తుడిచి, ప్రతి బ్లాక్‌కి కొత్త బ్లేడ్, మొదటి రెండు మూడు సెక్షన్లు పారేసి, 5 నుంచి 10 మైక్రాన్లవి మూడు నాలుగు చుట్టలు ట్యూబులో వెయ్యండి. రెండు బ్లాకుల మధ్య టిష్యూ లేని ఖాళీ మైనం బ్లాక్ ఒకటి కోసి దాన్ని కూడా శాంపిల్ లాగే నడపండి, బ్లేడ్ మీద నుంచి ఏమైనా దాటితే అక్కడే దొరుకుతుంది. మైనం కరిగించి, ప్రోటీనేస్ కె తో అరిగించి, 80 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచితే ఫార్మలిన్ వేసిన ముడులు కొంత విడతాయి, పారాఫిన్ టిష్యూకని అమ్మే కిట్లలో ఈ స్టెప్ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ చిన్న చిన్న ముక్కలే కాబట్టి పీసీఆర్‌లో కాపీ అయ్యే భాగం 100 అక్షరాల దగ్గర ఉండాలి, 300 అక్షరాలు పట్టే పాత ప్రైమర్లు ఇక్కడ పనికిరావు. జీఏపీడీహెచ్ కూడా అంతే చిన్నది పెట్టండి, లేకపోతే పోలికే కుదరదు.

స్లైడ్ మీద రంగు వేసి చూడొచ్చా?

చూడొచ్చు, కానీ ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీని (యాంటీబాడీతో వైరస్ ప్రోటీన్‌కి రంగు పట్టించే పద్ధతి) హెచ్‌సీవీకి నేను నమ్మమని చెప్పను. హెపటైటిస్ బి లాగా కణాల నిండా యాంటిజెన్ ఉండదు, చాలా తక్కువ. దానికి తోడు లివర్ కణాల్లో సొంత బయోటిన్ ఎక్కువ, పాత అవిడిన్ బయోటిన్ కిట్ వాడితే స్లైడంతా గోధుమరంగే, అది చూసి స్ట్రాంగ్ పాజిటివ్ అని రాసిన రిపోర్టులు తిరుగుతున్నాయి. వాడితే పాలిమర్ కిట్ వాడండి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బ్లాక్ చెయ్యండి, ప్రైమరీ యాంటీబాడీ లేని స్లైడ్ పక్కన పెట్టండి. ముసలివాళ్ళ లివర్‌లో లిపోఫస్సిన్ (వయసుతో కణాల్లో పేరుకునే పదార్థం) కూడా గోధుమరంగే, యాంటీబాడీ లేని స్లైడ్‌లోనూ కనపడితే అది అదే.

డబ్బులుంటే ఆర్‌ఎన్‌ఏస్కోప్ లాంటి ఇన్ సిటు హైబ్రిడైజేషన్ మంచిది, ఏ కణంలో ఉందో చుక్కలుగా కనపడుతుంది. పీపీఐబీ (మనిషి జీన్) ప్రోబ్‌తో చుక్కలు రావాలి, డాప్‌బీ (బ్యాక్టీరియా జీన్) ప్రోబ్‌తో రాకూడదు, పీపీఐబీ రాకపోతే ఆ బ్లాక్‌లో ఆర్‌ఎన్‌ఏ పోయినట్టు, హెచ్‌సీవీ స్లైడ్ చూడక్కర్లేదు.

రిపోర్ట్ ఎలా రాయాలి

"నెగటివ్" అని ఒక్క మాట రాయొద్దు. "పరీక్షించిన ముక్కలో హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ కనపడలేదు, మనిషి జీన్ కంట్రోల్ సరిగ్గా వచ్చింది" అని రాసి, ముక్క బరువు, దేన్లో వచ్చింది, మీ టెస్ట్ కనిష్ఠంగా ఎన్ని కాపీలు పట్టగలదు అన్నవి కింద పెట్టండి. వైరస్ లివరంతా సమానంగా పరుచుకుని ఉండదు, కొన్ని కణాల్లోనే గుంపులుగా ఉండొచ్చు, మనం చూసింది సూది మొన పట్టినంత ముక్క, ఆ మాట కూడా ఒక లైను రాయండి. కంట్రోల్ రాకపోతే "శాంపిల్ తగినది కాదు, మళ్ళీ పంపండి" అనే రాయాలి. డాక్టర్ గారు ఫోన్ చేసి "అదేంటి, ఏదో ఒకటి చెప్పండి" అంటారు, చెప్పకండి, రక్తం టెస్ట్ మళ్ళీ చేయించమనండి.

మిగిలిన ఆర్‌ఎన్‌ఏని 10 మైక్రోలీటర్ల చొప్పున విడగొట్టి మైనస్ 80 లో పెట్టండి, కరెంటు పోయినప్పుడల్లా తలుపు తీసి చూడకండి, మూసి ఉంటేనే చల్లదనం ఎక్కువసేపు ఆగుతుంది.